టీకా ముప్పా? జబ్బు ముప్పా?

ఏ టీకాకైనా కొంత ముప్పు ఉంటుంది. దాన్ని జబ్బు తెచ్చే ముప్పుతో తూచి చూడాలి.

1976లో అమెరికాలో స్వైన్‌ఫ్లూ వస్తుందని 4 కోట్ల మందికి పైగా టీకాలు వేశారు. లక్షమందిలో సుమారు ఒకరికి ఆ టీకా వల్ల కాళ్లూచేతులూ చచ్చుబడే గిలాన్-బారీ జబ్బు వచ్చింది. అనుకున్న ఫ్లూ మాత్రం వ్యాపించలేదు. ఆ డిసెంబరులోనే టీకాలు ఆపేశారు.

2021లో కోవిడ్ ఇంటింటికీ వచ్చింది. కొన్ని టీకాల వల్ల అరుదుగా రక్తం గడ్డకట్టిన మాట నిజమే. కోవిడ్ వల్ల అంతకన్న ఎక్కువమందికి గడ్డకట్టింది. వృద్ధులకు, మధుమేహం ఉన్నవారికి టీకాయే మేలు చేసింది.

కనుక జబ్బు వ్యాపిస్తోందా, మీ వయసుకు అదెంత ప్రమాదమో డాక్టరును అడగండి. మునుపు ఏ ఇంజక్షనైనా పడక ఊపిరాడకపోతే ముందే చెప్పండి. టీకా తర్వాత అరగంట అక్కడే కూర్చోండి. ఒకటి రెండు రోజుల జ్వరానికి భయపడనక్కరలేదు.