చినిగిన గోడపత్రికకు తగిన అతుకు



పాత కాగితములయందు మమకారముగల పెద్దలు ప్రతి గ్రామమునను కలరు. కొందఱి పెట్టెలలో 1957లో వెలువడిన ‘మాయాబజార్’ వంటి చలనచిత్రములనాటి గోడపత్రికలు, అనగా పోస్టర్లు, నేటికిని దాగియుండును. ఇవి గోడల కంటించుటకై చౌక కాగితముపై అచ్చొత్తబడినవి. ఊరూరికి పంపుటకై మడతలు పెట్టబడినవి. కావున ఏండ్లు గడచినకొలది మడతవెంబడి చినుగును. ఆ చినుగును దేనితో అతుకవలెననునదియే నేటి ప్రసంగవిషయము.

వ్యాకరణము చదివినవా రొక మాట నెఱుగుదురు. ఆగమము మిత్రునివలె వచ్చి ప్రక్కను కూర్చుండును. ఆదేశము శత్రువువలె వచ్చి, ఉన్నదానిని తొలగించి ఆ చోటు నాక్రమించును. అతుకు ఆగమమువలె ఉండవలెను. కాగితమునకు బలమీయవలెను, తీయగోరినపుడు హాని చేయక తొలగవలెను. గట్టిగా పట్టుటయే గుణమని తలచువారు మోసపోవుదురు.

అంగళ్లలో దొరకు పారదర్శకమగు టేపును 1930లో అమెరికాదేశమున రిచర్డు డ్రూ అను నాతడు త్రీఎం కంపెనీయందు కనిపెట్టెను. పొట్లములు మూయుటకు అది యుపయోగకరమే; పాత కాగితమునకు మాత్రము శత్రువు. నాటి టేపుల జిగురు రబ్బరుతో చేసినది. గాలిలోని ప్రాణవాయువు సోకి అది పసుపువన్నె దాల్చి, జిడ్డువలె కాగితపు నారలలోనికి దిగును, పిదప గట్టిపడును. అంతట పైపొర ఊడిపడును, మఱక నిలిచిపోవును. నేనెఱిగిన యొక పాఠశాలలో దేశపటముల నిట్లే అతికిరి. కొన్ని యేండ్లకు ఊళ్లపేళ్లు మఱకలో మునిగిపోయినవి. రంగులు వేయువారు వాడు మాస్కింగు టేపును, పెట్టెలకు వేయు ప్యాకింగు టేపును కూడ దూరముననే యుంచవలెను.

కాగితరక్షణకై చేసిన ఫిల్మోప్లాస్టు వంటి పలుచని ఆమ్లరహిత టేపులు ఇంతకంటె మేలు. సామాన్యమైన పుస్తకముల కవి చాలును. అపురూపమైన పత్రికకు అవియు వలదు. ఏలయన ఆమ్లరహితమనగా సులభముగా తొలగునదని యర్థము కాదు.

ఉత్తమమైనది జపానుదేశపు కోజో కాగితము, గోధుమగంజి. కోజో నారలు పొడవైనవగుటచే కాగితము పలుచనయ్యును బలమైనది. గోధుమహల్వాకు పాలు తీయునట్లే పిండిముద్దను నీటిలో పిసికి, పాలు తేరనిచ్చి, అడుగున దిగిన తెల్లని పిండిని గ్రహింపవలెను. అది యొకపాలు, నీరు నాలుగుపాళ్లు చేర్చి, సన్నసెగపై కలియబెట్టుచు ఉడికించి, చల్లార్చి వడగట్టవలెను. పురుగు పట్టకుండుటకై మైలుతుత్తము కలుపు వాడుక కలదు; అది కాగితమును క్రుంగదీయును గాన కూడదు. గంజిని కొలదిగా చేసి, పులిసినచో పాఱవేయవలెను.

మొదట ప్రతి రంగుపైని ఒక మూల తడిదూదిని మెల్లగా అద్ది చూడవలెను. రంగు దూదికి అంటినచో గంజి పని మానవలెను. అంటనిచో, పత్రికను బోర్లించి చినుగు అంచులను సరిగా కలుపవలెను. కోజో కాగితమును కత్తిరింపక, తడిగీత గీచి చేతితో చింపినచో నారలు అంచున నిలిచి అతుకు కనబడకుండును. అట్టి సన్నని పట్టీకి గంజి పలుచగా పూసి వెనుకవైపున అంటించి, పైని పాలియెస్టరు గుడ్డయు, అద్దుడుకాగితమును, బరువును ఉంచి ఆఱనీయవలెను.

ఇదివఱకే టేపు అంటియున్నచో లాగి తీయకుడు, అచ్చు వెంటవచ్చును. అది కాగితరక్షణ యెఱిగినవారి పని. అట్టివారు దొరకువఱకు పత్రికను మడవక, చదునుగా, ఎండయు చెమ్మయు తగులని చోట ఉంచుడు. తొందరపడి వేసిన అతుకుకంటె అతుకని చినుగే మేలు. చినుగును రేపైనను బాగుచేయవచ్చును.