నిమ్మళం... నేర్చుకుంటే వస్తుంది!

జూన్‌లో నాటిన పసుపు చేతికి రావాలంటే ఎనిమిది, తొమ్మిది నెలలు ఆగాలి. తవ్విన కొమ్ముల్ని ఉడకబెట్టాలి. కల్లంలో రెండు వారాల దాకా ఎండబెట్టాలి. పాలిష్ పట్టాలి. ఆ తర్వాతే నిజామాబాద్ మార్కెట్ యార్డుకు ప్రయాణం. ఏర్గట్ల చుట్టుపక్కల పసుపు రైతులకు ఏటా ఉండే పనే ఇది. నెలల తరబడి ఓపిక పట్టినవారికి సైతం పంట కల్లంలో ఉన్నన్నాళ్లూ కంటికి కునుకుండదు. మబ్బు పడితే గుబులు... ధర తగ్గితే గుబులు! ఆ చిరాకు చివరికి ఇంట్లో ఆలుబిడ్డల మీదికి మళ్లుతుంది.

'జర నిమ్మళంగుండు' అంటారు ఇరుగుపొరుగు. అనడం తేలికే, ఉండటమే కష్టం. అయితే సైకిలు తొక్కడంలాగే అదీ సాధనతో వచ్చే విద్యే.

ముందు ఒళ్లు... తర్వాత మనసు

ఆందోళన పడినప్పుడు ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ హార్మోన్లు పెరుగుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, కండరాలు బిగుస్తాయి. పాము ఎదురైతే తప్పించుకోవడానికి ఇది అవసరమే. రేపటి ధర గురించి రోజూ ఇలాగే అయితే మాత్రం ఒళ్లు గుల్లవుతుంది. కండరాలను సడలిస్తే మనసూ కుదుటపడుతుందంటూ అమెరికా వైద్యుడు ఎడ్మండ్ జాకబ్సన్ 1929లో 'ప్రోగ్రెసివ్ రిలాక్సేషన్' అనే పుస్తకం రాశారు. ఆ పద్ధతి ఇంట్లోనే చేయొచ్చు. పడుకుని పిడికిలి ఐదు సెకన్లు బిగించండి, మెల్లగా వదిలేయండి. తర్వాత భుజాలు, పొట్ట, కాళ్లు... ఇలా ఒక్కో భాగం. ఆపై నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది.

ఏది మన చేతిలో ఉంది?

నిమ్మళం అంటే నిర్లక్ష్యం కాదు. కల్లం పక్కన పరదాలు సిద్ధంగా ఉంచుకోవడం మన చేతిలో పని. వాన రావడం, రాకపోవడం కాదు. చేయగలిగింది చేశాక అర్ధరాత్రి లేచి కూర్చున్నా క్వింటాలుకు రూపాయి పెరగదు! పరీక్షల ముందు పిల్లలకైనా, గల్ఫ్ నుంచి ఫోన్ కోసం ఎదురుచూసే ఇల్లాలికైనా ఇదే లెక్క.

వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, బతుకు మీద విరక్తి కలిగినా చిట్కాలతో సరిపెట్టుకోకూడదు. వెంటనే వైద్యుణ్ని కలవాలి. 2022లో మొదలైన 'టెలి మానస్' ఉచిత నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు.

మొదటిరోజే గుండె తేలికపడకపోవచ్చు. పచ్చి కొమ్ము ఒక్క ఎండకే ఎండదు కదా!