మీకు తెలుసా? దారిద్ర్యరేఖ లెక్కపెట్టని ఖర్చు

నెలకు ఇరవై వేలు వచ్చే ఇళ్లు పక్కపక్కనే రెండున్నాయనుకోండి. ఒక ఇంట్లో నడవలేని మనిషి ఉన్నారు. సర్కారు లెక్కలో రెండిళ్లూ సమానమే. నిజంగా సమానమేనా?

బ్రిటన్ కుటుంబాల విషయంలో ఈ లెక్క తేల్చిన పరిశోధకురాలు కేంబ్రిడ్జ్‌లో చదివిన వీబ్కె కుక్లిస్. ఆర్థికవేత్త అమర్త్య సేన్ 2009లో వచ్చిన తన పుస్తకం ‘ది ఐడియా ఆఫ్ జస్టిస్’లో ఆమె అంకెల్ని మనముందు పెట్టారు. అక్కడ మొత్తం జనంలో 17.9 శాతం మంది దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబాల వాళ్లు. వికలాంగులున్న కుటుంబాల్లో అది 23.1 శాతం. పెద్ద తేడా లేదే అనిపిస్తుంది. కానీ వైకల్యం వల్ల పెట్టక తప్పని అదనపు ఖర్చును కూడా కలిపి చూస్తే అదే అంకె ఏకంగా 47.4 శాతానికి చేరింది! సంపాదన తగ్గడం ఒక దెబ్బ. సంపాదించిన రూపాయి అందరికీ వచ్చినంత అక్కరకు రాకపోవడం అంతకన్నా పెద్ద దెబ్బ.

ఆ అదనపు ఖర్చు మన దగ్గర ఎలా ఉంటుందో వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ కోసం ఆసుపత్రికి బయల్దేరిన వాళ్లను చూస్తే తెలుస్తుంది. బస్సు మెట్లు ఎక్కలేరు కనుక ఆటో మాట్లాడుకోవాలి. తోడొచ్చిన తల్లికో అన్నకో ఆ రోజు కూలి పోతుంది. ఆ పూట పరీక్ష జరగకపోతే ఇంకో రోజు, ఇంకో ఆటో, ఇంకో కూలి. పింఛను రూపాయి చేతికి రాకముందే ఇదంతా.

పేదరికమే వైకల్యాన్ని తెచ్చిపెట్టడమూ ఉంది. నల్లగొండ జిల్లా ఫ్లోరైడ్ ఊళ్లలో మోకాళ్లు లోపలికి వంగిపోయిన వాళ్ల గురించి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1970ల్లోనే ప్రపంచానికి చెప్పారు. తిండిలో కాల్షియం తక్కువైతే ఫ్లోరైడ్ ఎముకల్ని మరింతగా దెబ్బతీస్తుంది. తాగేది ఒకే బోరు నీళ్లయినా, పాలూ పెరుగూ ఎరగని పిల్లలకే ముప్పు ఎక్కువ.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వైకల్యం తెచ్చిపెట్టే అదనపు ఖర్చు భారాన్ని గుర్తించింది. సామాజిక భద్రతా పథకాల్లో ఇతరులకిచ్చే దానికంటే వీరికి కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి వృద్ధులకు 4,000 రూపాయలు, వికలాంగులకు 6,000. తెలంగాణలో వికలాంగుల పింఛను 2023 నుంచి 4,016. సంతోషమే. కేంద్రం పథకం మాత్రం నెలకు 300 దగ్గరే పదేళ్లకు పైగా ఆగిపోయింది. అదీ 80 శాతం వైకల్యం ఉండి, దారిద్ర్యరేఖకు దిగువనుంటేనే. వీళ్ల ఖర్చును లెక్కపెట్టని ఆ రేఖతోనే వీళ్ల అర్హతను కొలవడం అన్యాయం.

ఇంటింటి సర్వేకు వచ్చినవాళ్లు ఆదాయం ఒక్కటే అడిగి ఊరుకోకూడదు. మీ ఇంట్లో వికలాంగులుంటే, వారి కోసం నెలకు అదనంగా ఎంతవుతోందో అడగకపోయినా చెప్పండి, రాసుకోమనండి.