పొట్టులో దాగిన ఉప్పు

నర్సరీలో ఐదు కిలోల కోకోపీట్ బ్లాకులు రెండు పక్కపక్కన పెట్టి చూస్తే పైకి ఏ తేడా తెలియదు. ఒకే కొలత, ఒకే గోధుమరంగు, చేత్తో తడితే ఒకే చప్పుడు. ధర మాత్రం ఒకదాని కంటే రెండోదానికి రెట్టింపు ఉంటుంది, ఒక్కోసారి అంతకు మించి కూడా. తొట్టెలో వేసి నీళ్లు పోస్తే రెండూ ఉబ్బి అరవై, డెబ్బై లీటర్ల పొట్టు అవుతాయి. మరి అదనపు డబ్బు దేనికిచ్చినట్టు?

రెండూ వచ్చింది కొబ్బరి డొక్క నుంచే. డొక్క చీల్చాక ఆ పొట్టును ఎన్నిసార్లు కడిగారు, ఏ నీటితో కడిగారు, కాల్షియంలో నానబెట్టారా లేదా, ఎక్కడ ఆరబోశారు, ఎలాంటి జల్లెడ పట్టారు అన్నవే ధరను నిర్ణయిస్తాయి. ఒకప్పుడు పారేసిన చెత్త ఇంటి కుండీలోకి చేరడానికి ఈ పనులన్నీ ఒకటొకటిగా నేర్చుకోవలసి వచ్చింది. బ్లాకు మీద అచ్చేసిన రంగుల బొమ్మ కంటే ఆ కథ తెలిస్తేనే కొనేవారికి మేలు.

కొబ్బరి డొక్క బరువులో పీచు దాదాపు మూడో వంతే. మిగిలినదంతా పీచును అంటిపెట్టుకున్న మెత్తని పొట్టు. తరతరాలుగా మనిషికి కావలసింది పీచే. తాళ్లకూ, పడవ మోకులకూ, చాపలకూ అదే ఆధారం. కేరళలో పచ్చి డొక్కలను ఉప్పునీటి మడుగుల్లో నెలల తరబడి ఊరవేసి, కర్రలతో బాది పీచు తీసేవారు. 1859లో జేమ్స్ డారా అనే ఐరిష్ మూలాలున్న అమెరికన్ అలప్పుజలో కొబ్బరి పీచు కర్మాగారం పెట్టాక ఆ పరిశ్రమ పెద్దదైంది. తర్వాత పీచు తీసే యంత్రాలొచ్చాయి. నానిన డొక్కను మేకులు బిగించిన డ్రమ్ముకు అందిస్తే పీచు ఒకవైపు, పొట్టు ఒకవైపు పడతాయి. కిలో పీచు తీస్తే సుమారు రెండు కిలోల పొట్టు మిగులుతుంది. నెలలు పట్టే పని గంటల్లో అయిపోయేసరికి పొట్టు గుట్టలు కూడా అంతే వేగంగా పెరిగాయి.

ఈ గుట్టలు త్వరగా కుళ్లవు. పొట్టులో లిగ్నిన్ ఎక్కువ, నత్రజని బహు తక్కువ. ఒక పాలు నత్రజనికి నూరు పాళ్లకు పైగా కర్బనం ఉన్న పదార్థాన్ని తినడానికి సూక్ష్మజీవులు త్వరగా ముందుకు రావు. వానకు గుట్టల నుంచి ఎర్రటి కషాయం లాంటి నీరు దిగుతుంది, ఎండకాలంలో నిప్పు భయం. కోనసీమలో పీచు మిల్లుల వెనక వీటిని చూసినవారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం, కాయిర్ బోర్డు ముత్యపు చిప్ప పుట్టగొడుగు జాతి శిలీంద్రంతో ఈ పొట్టును కంపోస్టుగా మార్చే పద్ధతులు రూపొందించాయి. అలా తయారైనది ఎరువు. బ్లాకుగా నొక్కి అమ్మే కోకోపీట్ ఎరువు కాదు, మొక్కకు నిలబడే చోటు మాత్రమే. ఎరువు పేరుతో దాన్ని అమ్మేవాళ్లున్నారు కాబట్టి ఈ సంగతి ముందే చెప్పడం అవసరం.

కుండీలోకి పొట్టు ప్రయాణం మన దేశంలో మొదలవలేదు. చాపలు, బ్రష్షులు చేసే ఇంగ్లండు కర్మాగారాల్లో మిగిలిన పొట్టును 1860ల నాటి తోటమాలులు మొక్కలకు వాడి చూశారు. కొంతకాలం బాగా నడిచింది. ఆ తర్వాత కుండీల రాజ్యమంతా పీట్‌ది అయింది. చిత్తడి నేలల్లో నాచు వేల ఏళ్లు పేరుకుని ఏర్పడే పదార్థం పీట్. 1930లలో ఇంగ్లండులో జాన్ ఇన్నెస్ మిశ్రమాలు, 1950లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం మిశ్రమాలు, 1960లలో కార్నెల్ వారి పీట్‌లైట్ మిశ్రమాలు, అన్నింటిలోనూ అది ఉంది. కానీ పీట్ నేల ఏడాదికి మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. తవ్వితే అందులో దాగిన కర్బనం గాలిలోకి వెళ్తుంది. 1980ల చివరికి యూరప్‌లో దీనిపై ఆందోళన బలపడి, డచ్ గ్రీన్‌హౌస్ రైతులు బదులు పదార్థం వెతుకుతుండగా శ్రీలంక, భారత్ పొట్టు గుట్టలు మళ్లీ కంటపడ్డాయి.

పొట్టులో మంచి గుణాలు నిజంగానే ఉన్నాయి. తన బరువుకు ఎనిమిది రెట్ల దాకా నీరు పీల్చుకుంటుంది. పీట్ ఆమ్లం, పీహెచ్ నాలుగు దరిదాపుల్లో ఉంటుంది. పొట్టుది ఐదున్నర నుంచి ఆరున్నర మధ్య, అంటే ఇంటి మొక్కల్లో చాలావాటికి నచ్చేది. ఒకసారి పూర్తిగా ఎండిపోయిన పీట్ నీటిని తోసేస్తుంది, పోసిన నీళ్లు కుండీ అంచు నుంచి జారిపోతాయి. పొట్టు ఎండినా మళ్లీ సులువుగా తడుస్తుంది. ఊరెళ్లి వచ్చేసరికి కుండీ ఎండిపోయే ఇళ్లలో ఈ ఒక్క గుణం మొక్కను కాపాడుతుంది. ఓడ కిరాయి చోటును బట్టి ఉంటుంది కాబట్టి తేలికైన పొట్టును అలాగే పంపడం గిట్టుబాటు కాదు. హైడ్రాలిక్ ప్రెస్సులో ఐదో వంతుకు నొక్కి బ్లాకు చేయడం మొదలయ్యాకే అది ప్రపంచ సరుకైంది.

అయితే డచ్ రైతులకు ఒక సమస్య ఎదురైంది. ఇక్కడి నుంచే చౌక రకానికీ మేలు రకానికీ దారులు వేరవుతాయి.

కొబ్బరి చెట్టు పొటాషియాన్నీ క్లోరైడునూ దండిగా తీసుకునే చెట్టు. సముద్రతీరపు నేలలో సోడియం కూడా వెంట వస్తుంది. ఉప్పునీటిలో ఊరవేసిన డొక్కలకైతే చెప్పనక్కర్లేదు. ఈ లవణాలన్నీ పొట్టులో మిగులుతాయి. నీటిలో లవణం ఎంత ఉంటే విద్యుత్తు అంత సులువుగా పారుతుంది. ఆ కొలతనే ఈసీ అంటారు. కడగని పొట్టులో అది ఒక మిల్లీసీమెన్స్ దాటి ఎంతకైనా పోవచ్చు. బాగా కడిగినదానిలో అర మిల్లీసీమెన్స్ లోపు ఉంటుంది. లవణం ఎక్కువైతే వేరు నీటిని పీల్చలేదు. కుండీ తడిగానే ఉంటుంది, మొక్క దాహంతో ఉంటుంది. ఆకు కొసలు గోధుమరంగుకు మాడడం దాని తొలి గుర్తు.

మంచి నీటితో కడిగితే సమస్య తీరిపోవాలి కదా? సగమే తీరుతుంది. పొట్టు కణాల గోడల మీద రుణావేశం ఉన్న చోట్లు కోకొల్లలు. ధనావేశం ఉన్న సోడియం, పొటాషియం అయాన్లు అక్కడ అతుక్కుని ఉంటాయి. బస్సులో సీట్ల మీద కూర్చున్నవారు వీళ్లు, నీటిలో కరిగి తిరిగే లవణం నిలబడ్డవారు. ఉత్త నీరు నిలబడ్డవారిని దించేస్తుంది, కూర్చున్నవారిని కదపలేదు. కడిగిన పొట్టులో మొక్క నాటి ఎరువు పోశామనుకోండి. రెండు ధనావేశాలున్న కాల్షియం, మెగ్నీషియం వచ్చి ఆ సీట్లు పట్టేసి సోడియం, పొటాషియాలను బయటికి నెడతాయి. మనం మొక్కకిచ్చిన కాల్షియాన్ని పొట్టు తినేస్తుంది, బదులుగా మొక్కకు అక్కర్లేనంత సోడియం, పొటాషియం వేళ్ల దగ్గరికి చేరుతాయి. కొత్త ఆకులు వంకర తిరిగి, చిన్నవిగా రావడం కాల్షియం కొరత. ముదురు ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపెక్కడం మెగ్నీషియం కొరత. రెండు మూడు వారాలు బాగానే ఉన్న మొక్క ఆ తర్వాత ఎందుకు దిగజారుతోందో అర్థంకాక చాలామంది నీళ్లు తప్పో, ఎండ తప్పో అనుకుంటారు.

దీనికి విరుగుడు ఒకటే. మొక్క రాకముందే ఆ సీట్లను కాల్షియంతో నింపేయాలి. కడిగిన పొట్టును కాల్షియం నైట్రేట్ ద్రావణంలో గంటల తరబడి నానబెట్టి, విడివడిన సోడియం, పొటాషియాలను మళ్లీ మంచి నీటితో కడిగేస్తారు. దీన్నే బఫరింగ్ అంటారు. కవరు మీద 'వాష్డ్' అని ఉండటం వేరు, 'బఫర్డ్' అని ఉండటం వేరు. ఈసీ మీటరు మొదటిదాన్ని చూపగలదు కానీ రెండోదాన్ని చూపలేదు. మేలు రకం ధరలో పెద్ద భాగం ఈ రెండోదానికే. నెదర్లాండ్స్‌లో ఆర్‌హెచ్‌పీ అనే నాణ్యతా ముద్ర ఉంది. ఆ ముద్ర ఉన్న సరుకు తయారీలో ఈ పనుల మీద నిఘా ఉంటుంది కాబట్టి ఎగుమతి వ్యాపారులు దానికి విలువిస్తారు.

ఉప్పు ఒక్కటే కాదు, రేణువు పరిమాణం కూడా లెక్కలోకి వస్తుంది. ఇది ఇంట్లో సరిచేయడం కష్టమైన లోపం. కుండీకి నీళ్లు పోసి అడుగు నుంచి కారడం ఆగాక కూడా కింది భాగంలో కొంత మందాన నీరు నిలిచే ఉంటుంది. సన్నని రంధ్రాలు నీటిని పైకి లాగి పట్టుకుంటాయి, అందుకే భూమ్యాకర్షణ దాన్ని దించలేదు. ఆ తడి పొర మందం కుండీ ఎత్తుతో మారదు, రేణువుల సన్నదనంతో పెరుగుతుంది. జల్లెడ పట్టకుండా దుమ్ముతో సహా నొక్కిన చౌక బ్లాకును చిన్న కుండీలో నింపితే సగం కుండీ గాలిలేని బురదై వేళ్లు కుళ్లుతాయి. మేలు రకంలో దుమ్ము తీసేసి, కొంత పొట్టి పీచును, తరిగిన డొక్క ముక్కలను కలుపుతారు. నీరు పట్టే రంధ్రాలూ, గాలి ఆడే రంధ్రాలూ రెండూ ఉండాలన్నది ఉద్దేశం.

ఆరబెట్టే చోటు కూడా ముఖ్యమే. మట్టి నేల మీద ఆరబోసిన పొట్టులో ఇసుక, కలుపు గింజలు చేరతాయి. కొనేవారు ఆ ఇసుకను కూడా కిలోల లెక్కన కొంటారు. సిమెంటు కళ్లం మీద ఆరినదానిలో ఆ బెడద లేదు. చౌక బ్లాకును నానబెట్టి చేత్తో కలియబెట్టాక తొట్టె అడుగున ఇసుక కనిపిస్తే ఆ సరుకు ఎక్కడ ఆరిందో తెలిసిపోతుంది. తొందరపడి తెచ్చిన పచ్చి పొట్టు లేత బంగారురంగులో ఉంటుంది. నెలల తరబడి మాగిన పొట్టు ముదురు రంగులో ఉండి, నత్రజనిని తక్కువ లాక్కుంటుంది.

ఇంత చెప్పాక మేలు రకం గురించి ఇంకో మాట కూడా చెప్పాలి. ఘనమీటరు పొట్టు కడగాలంటే వందల లీటర్ల నీరు కావాలి. ఆ ఉప్పునీరు ఎటు పోతుంది? పొల్లాచ్చి ప్రాంతంలో పీచు, పొట్టు యూనిట్లు పెరిగాక భూగర్భజలం చెడుతోందని రైతులు మొరపెట్టుకున్నారు. తమిళనాడు కాలుష్య నియంత్రణ మండలి 2021లో ఈ పరిశ్రమను కాలుష్యం లేని తెలుపు వర్గం నుంచి నారింజ వర్గంలోకి మార్చింది. యూరప్ పీట్ నేలలను కాపాడే పని మన బావుల మీద పడకూడదు. కడిగిన నీటిని శుద్ధిచేసి మళ్లీ వాడే యూనిట్లకు ఎక్కువ ధర ఇవ్వడం న్యాయమని నా అభిప్రాయం. కోనసీమలో, ఉద్దానంలో కొత్త యూనిట్లు పెట్టేవారు ఈ సంగతి మొదటిరోజే ఆలోచించాలి.

చౌక బ్లాకు కొన్నవారు దాన్ని ఇంట్లోనే బాగుచేసుకోవచ్చు. నీటిలో కరిగిన లవణాన్ని పీపీఎంలో చూపే టీడీఎస్ మీటరు చాలు, మార్కెట్లో కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. ఒక గ్లాసు తడి పొట్టుకు ఒకటిన్నర గ్లాసు ఆర్వో నీరు కలిపి, అరగంట ఆగి వడగట్టి కొలవండి. ముందు ఉత్త ఆర్వో నీటిని కొలిచి ఆ అంకెను తీసేయండి. 250 లోపు వస్తే కడిగిన సరుకే. 500 దాటితే ఇంకా కడగాలి. పాత గోనెసంచిలో పొట్టు పోసి, తొట్టెలో ముంచి పిండి, నీరు మార్చి మళ్లీ ముంచాలి. ఎర్రరంగు పోవడాన్ని కొలమానంగా తీసుకోవద్దు, ఆ రంగు టానిన్లది, ఉప్పుది కాదు. అంకె దిగాక లీటరు నీటికి రెండు మూడు గ్రాముల కాల్షియం నైట్రేట్ కలిపి రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే ఇంకోసారి కడిగేయాలి. ఎరువుల దుకాణాల్లో కాల్షియం నైట్రేట్ దొరుకుతుంది. మెగ్నీషియం కోసం ఎప్సమ్ సాల్ట్ ఇవ్వాలనుకుంటే తర్వాత విడిగా ఇవ్వండి, రెండూ చిక్కగా ఒకేచోట కలిస్తే జిప్సం పేరుకుంటుంది. మొదట కడిగిన నీటిని కుండీలకు పోయవద్దు. పెరట్లో కొబ్బరి చెట్టు ఉంటే దాని మొదట్లో పోసినా దానికి ఇబ్బంది లేదు.

మనీప్లాంట్, సింగోనియం, స్నేక్ ప్లాంట్ లాంటి గట్టి మొక్కలకు ఇలా బాగుచేసుకున్న చౌక పొట్టు సరిపోతుంది. దుమ్ము ఎక్కువుంటే మూడో వంతు పెర్లైట్ గానీ, కాల్చిన వరి ఊక గానీ కలపాలి, తిండి కోసం కొంత వర్మికంపోస్టు ఉండాలి. కలాథియా, ఆంథూరియం, ఫెర్న్‌లు ఉప్పును అస్సలు ఓర్చుకోవు. గింజ మొలిపించే ట్రేలు కూడా అంతే. వాటికి బఫరింగ్ చేసిన మేలు రకమే కొనండి, అక్కడ ఆదా చేసిన డబ్బు మొక్కతో పాటే పోతుంది. ఆర్కిడ్లకు పొట్టు ఏ ధరదైనా వద్దు, కడిగిన డొక్క ముక్కలు కావాలి.

కొనేముందు అమ్మేవారిని రెండు ప్రశ్నలు అడగండి: దీని ఈసీ ఎంత, బఫరింగ్ చేశారా? జవాబు తెలియదంటే అది చౌక రకమనుకుని చౌక ధరే ఇవ్వండి. మనందరం అడగడం మొదలుపెడితే తయారీదారులు ఆ రెండు వివరాలూ కవరు మీద అచ్చువేస్తారు.