ఇంటి రూటర్ – లోపం ఎక్కడ?

ప్రవేశ పరీక్ష దరఖాస్తుకు ఈ రోజే ఆఖరు. ఫోనులో వైఫై గుర్తు నిండుగా ఉంది, పేజీ మాత్రం తెరుచుకోవడం లేదు. ఇలాంటప్పుడు కంగారుపడి రూటర్ మీది బటన్లన్నీ నొక్కితే చిన్న లోపం పెద్దదవుతుంది. లోపాన్ని సరిచేయడానికి ముందు అది ఎక్కడుందో తేల్చాలి. ఆ పద్ధతి ఏమిటో ఈ పాఠంలో చూద్దాం.

నాలుగు మజిలీలు

ఛత్తీస్‌గఢ్‌లోని నందిని, భిలాయి ఉక్కు కర్మాగారానికి సున్నపురాయినిచ్చే గనుల ఊరు. ముడి ఇనుములోని మలినాలను లోహమలంగా వేరుచేయడానికి బ్లాస్ట్ కొలిమిలో ఈ రాయి కావాలి. కొలిమికి రాయి అందలేదంటే ఆటంకం గనిలో ఉండవచ్చు, క్రషర్ దగ్గర ఉండవచ్చు, దారిలోనూ ఉండవచ్చు. ఒక్కొక్క మజిలీ చూస్తేనే తెలుస్తుంది.

ఇంటర్నెట్ దారి కూడా ఇలాంటిదే. మీ ఫోను లేదా కంప్యూటర్ మొదటి మజిలీ, రూటర్ రెండవది, సర్వీసు సంస్థ తీగ మూడవది, బయటి ప్రపంచం నాలుగవది. వైఫై గుర్తు మొదటి రెండు మజిలీల మధ్య సంబంధాన్ని మాత్రమే చెబుతుంది. అందుకే గుర్తు నిండుగా ఉన్నా నెట్ రాకపోవచ్చు.

పరీక్షించే క్రమం

మొదట ఇంట్లోని మరో ఫోనులో చూడండి. దానిలో నెట్ వస్తుంటే లోపం మీ పరికరానిదే. దేనిలోనూ రాకపోతే రూటర్ దీపాలు చూడండి. ఫైబర్ కనెక్షన్‌లో ఎల్.ఓ.ఎస్. అనే ఎర్రదీపం వెలిగితే తీగలో కాంతి సంకేతం అందడం లేదని అర్థం. ఫైబర్ తీగను పీకి కొసలోకి తొంగి చూడకండి. అందులోని పరారుణ కాంతి కంటికి కనిపించదు గాని హాని చేయగలదు.

దీపాలు సరిగా ఉంటే రూటర్ స్విచ్ ఆపి, అర నిమిషం ఆగి మళ్ళీ వేయండి. రూటర్ కూడా ఒక చిన్న కంప్యూటరే. దాని తాత్కాలిక జ్ఞాపకంలో పేరుకున్న చిక్కులు దీనితో తొలగుతాయి. సన్నటి రంధ్రంలోని రీసెట్ బటన్ వేరు. దాన్ని నొక్కి పట్టుకుంటే సర్వీసు సంస్థ పెట్టిన అమరికలన్నీ చెరిగిపోతాయి.

ఇప్పుడు కంప్యూటర్ ఐపీ చిరునామా చూడండి. అది 169.254తో మొదలైతే రూటర్ నుంచి చిరునామా అందక కంప్యూటర్ తానే ఒకటి పెట్టుకుందన్నమాట. సాధారణంగా ఇళ్ళలో అది 192.168తో మొదలవుతుంది.

తరువాత పింగ్ ఆదేశం వాడండి. దీన్ని 1983లో అమెరికాలో మైక్ మూస్ రాశారు. అవతలి యంత్రాన్ని పలకరించి జవాబుకు ఎంత సమయం పట్టిందో ఇది చెబుతుంది. ముందు రూటర్ చిరునామాకు, ఆపైన 8.8.8.8కు పింగ్ చేయండి. రూటర్ పలికి 8.8.8.8 పలకకపోతే లోపం చాలావరకు ఇంటి బయటే. 8.8.8.8 పలికినా వెబ్‌సైట్ పేరుతో మాత్రం తెరుచుకోకపోతే పేర్లను అంకెల చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్‌ను అనుమానించాలి. కొన్ని యంత్రాలు భద్రత కోసం పింగ్‌కు జవాబివ్వవు. కాబట్టి ఒక్క పరీక్షతోనే తీర్పు చెప్పకూడదు.

నెట్ నెమ్మదిగా ఉంటే

రూటర్‌ను ఇనుప బీరువా వెనుక దాచకండి. లోహం రేడియో తరంగాలను అడ్డుకుంటుంది. 5 గిగాహెర్ట్జ్ తరంగాలు వేగాన్నిస్తాయి గాని గోడలు దాటేసరికి బలహీనపడతాయి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలు అంతకంటే దూరం పోతాయి. అయితే మైక్రోవేవ్ పొయ్యి పనిచేసేది కూడా ఇంచుమించు ఆ పౌనఃపున్యంలోనే కనుక వాటికి అంతరాయం కలగవచ్చు.

తీగలోనే లోపమని తేలితే ఏ దీపం వెలుగుతోంది, ఏ చిరునామా పలకలేదు, ఎప్పటినుంచి అన్నది కాగితం మీద రాసుకుని సర్వీసు సంస్థకు చెప్పండి. “నెట్ రావడం లేదు” అనే ఒక్క మాటకంటే ఆ మూడు వివరాలు మరమ్మతును త్వరగా తెస్తాయి. నందిని క్వార్టర్‌లోనైనా నంద్యాల మేడమీదైనా క్రమం ఇదే.

అభ్యాసం: ఫోనులో నెట్ వస్తోంది. అదే రూటర్‌కు కలిపిన కంప్యూటర్‌లో చిరునామా 169.254తో మొదలవుతోంది. లోపం ఏ రెండు మజిలీల మధ్య ఉంది? కారణం రాయండి.