అప్‌గ్రేడ్ చేయమంటోంది, ఏం నొక్కాలి తాతా?

కంప్యూటర్ ఆన్ చేసి పనిలో కూర్చుందామనేసరికి తెర మీద కబురు: కొత్త వెర్షన్ సిద్ధంగా ఉంది. కింద ‘ఇప్పుడే’ అని ఒక బటన్, ‘తర్వాత’ అని ఇంకోటి. అనంతపురంలో డి.టి.పి. షాపు నడిపేవాళ్ళకూ, నెట్ సెంటర్‌లో దరఖాస్తులు నింపేవాళ్ళకూ, ఇంట్లో పాత డెస్క్‌టాప్ మీద చదువుకునే నీకూ ఇదే తంటా. ఒకరు చదవకుండానే ‘ఇప్పుడే’ నొక్కేస్తారు. ఇంకొకరు ఏళ్ళ తరబడి ‘తర్వాత’ నొక్కుతూనే ఉంటారు. రెండూ మంచివి కావు నాయనా. ఎందుకో చెబుతా విను.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే కోట్ల వరుసల రాత. నువ్వు నొక్కిన అక్షరం తెర మీదికి రావాలన్నా, ఫైలు డిస్కులో చేరాలన్నా, ప్రింటర్ కదలాలన్నా దాని చేతుల మీదుగానే జరగాలి. మనుషులు రాసిన అంత రాతలో తప్పులు దొర్లకుండా ఉండవు. కొన్ని తప్పుల వల్ల పని ఆగుతుంది, అంతే. కొన్ని మాత్రం దొంగ లోపలికి దూరే కంతలవుతాయి. అలాంటి కంత దొరికినప్పుడల్లా కంపెనీ దాన్ని పూడ్చే చిన్న ముక్క పంపుతుంది. మైక్రోసాఫ్ట్ అయితే ప్రతి నెలా రెండో మంగళవారం పంపుతుంది. దాన్ని మరమ్మతు అనుకుందాం.

మొత్తం సిస్టమ్‌నే మార్చి విండోస్ 7 స్థానంలో 10, 10 స్థానంలో 11 పెట్టడం వేరే సంగతి. అది మార్పు. రెండూ ఒకే దారిలో, ఒకే రకం కబురుతో వస్తాయి కాబట్టి జనం రెంటినీ ఒకటే అనుకుంటారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

2015లో ఏం జరిగిందో చూడు. ఆ ఏడాది జులై 29న విండోస్ 10 వచ్చింది. 7, 8.1 వాడేవాళ్ళకు ఏడాది పాటు ఉచితమన్నారు. అంతకు ముందే, మామూలు అప్‌డేట్ల వరసలో వచ్చిన ఒక చిన్న ప్రోగ్రాము తెర కింది మూల చేరి రోజూ పిలవడం మొదలుపెట్టింది. చాలా యంత్రాల్లో కొత్త సిస్టమ్ ఫైళ్ళు అడగకుండానే దిగిపోయాయి. అవి 3 జీబీకి పైనే. అప్పటికి జియో రాలేదు, ఒక్క జీబీ డేటా ఖరీదు 250 రూపాయల దాకా ఉండేది. డాంగిల్ పెట్టుకుని నెట్ వాడే ఇంట్లో నెల డేటా మొత్తం రాత్రికి రాత్రి కరిగిపోతే మనసు కష్టపడదా? 2016 వేసవిలో ఇంకో అడుగు వేశారు. ఆ కబురు చూపే పెట్టె మూలనున్న ఎక్స్ గుర్తు నొక్కి మూసేసినా, ఒప్పుకున్నట్టే లెక్కగట్టి ముహూర్తం పెట్టేసేవారు. మూసేయడమంటే వద్దనడమేనని ఇరవై ఏళ్ళుగా అలవాటైన వేలికి అది మోసంగానే తోచింది. కాలిఫోర్నియాలో ఒక ట్రావెల్ ఏజెంట్ తన ఆఫీసు కంప్యూటర్ పాడైందని కోర్టుకెళ్ళి 10,000 డాలర్లు రాబట్టుకుంది. హద్దు దాటామని కంపెనీ మార్కెటింగ్ అధిపతి క్రిస్ కపోసెలా ఆ డిసెంబరులో ఒప్పుకున్నాడు.

అనుమతి లేకుండా చేసిన పని ఎంత మంచిదైనా నమ్మకాన్ని తినేస్తుంది. విసిగిపోయిన కొందరు మార్పు ఒక్కటే ఆపుకుని ఊరుకోలేదు. అప్‌డేట్లన్నిటినీ ఆపేసుకున్నారు. వద్దనుకున్న మార్పుతో పాటు కావాల్సిన మరమ్మతు కూడా వాళ్ళకు రాకుండా పోయింది.

దాని ఫలం 2017లో కనిపించింది. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి ఫైళ్ళు పంచుకునే చోట విండోస్‌లో పెద్ద కంత ఒకటి ఉండేది. మార్చి 14న దానికి మరమ్మతు వచ్చింది. ఆ కంతలోంచి దూరే పనిముట్టును నెల తిరిగేసరికి ఏప్రిల్‌లో ఎవరో బయటపెట్టారు. మే 12న ‘వన్నాక్రై’ అనే పురుగు బయల్దేరింది. ఎవరూ ఏదీ నొక్కనక్కర్లేదు, ఒక యంత్రంలో దూరి పక్క యంత్రాన్ని అదే వెతుక్కునేది. ఫైళ్ళకు తాళం వేసి, విప్పాలంటే 300 డాలర్లు కట్టమనేది. బ్రిటన్ ఆసుపత్రుల్లో సుమారు 19,000 అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లే దెబ్బతిన్నాయి, అప్పట్లో మన పొరుగైన చిత్తూరు జిల్లాతో సహా. దెబ్బతిన్న వాటిలో చాలా మటుకు విండోస్ 7 యంత్రాలు. వాటికి రెండు నెలల ముందే మందు సిద్ధంగా ఉంది, వేసుకోలేదు.

ఇక్కడ ఇంకో సూక్ష్మం ఉంది. మరమ్మతు విడుదలైన రోజున దొంగలూ దాన్ని దించుకుంటారు. పాత ఫైలు, కొత్త ఫైలు పక్కపక్కన పెట్టి ఏ వరుస మారిందో పోల్చి చూస్తారు. మారిన చోటే కదా పాత కంత! అంటే మరమ్మతు వచ్చాక దాన్ని వేసుకోని యంత్రానికి ముప్పు మునుపటికన్నా పెరుగుతుంది. అందుకే నెలనెలా వచ్చే మరమ్మతును వాయిదా వేయొద్దంటాను.

మార్పు మాట వేరు. దాన్ని ఆలస్యం చేయడానికి న్యాయమైన కారణాలుంటాయి. మన పెళ్ళిపత్రికలు, కరపత్రాలు అచ్చువేసే షాపుల్నే తీసుకో. ఏళ్ళ తరబడి వాళ్ళ పని పేజ్‌మేకర్ 7 అనే పేజీలు కూర్చే ప్రోగ్రాములో, అను ఫాంట్లతో సాగింది. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత ఇంకో పెద్ద వెర్షన్ రాలేదు. అను ఫాంటుతో ‘శ్రీరస్తు’ అని కొడితే, కంప్యూటర్ లోపల దాచుకునేది తెలుగు అక్షరాలను కాదు, ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ ఇచ్చిన అంకెలను. ఆ అంకెలకు తెలుగు రూపం తొడిగేది ఫాంటే. ఆ ఫాంటు లేని యంత్రంలో ఫైలు తెరిస్తే ‘శ్రీరస్తు’ ఉన్న చోట కామాలు, బ్రాకెట్లు, విడి ఇంగ్లీషు అక్షరాలు కలగలిసి కనిపిస్తాయి. పదేళ్ళ గిరాకీల ఫైళ్ళు అలా ఉన్నవాళ్ళు, కొత్త సిస్టమ్‌లో ఆ ఫాంటు పనిచేయకపోతే ఎలాగని జంకడం తప్పెలా అవుతుంది? పాత ప్రింటర్‌కు కొత్త డ్రైవర్ దొరక్కపోతే ఆ రోజు కూలి పోయినట్టే.

మరేం చేయాలి? మన జిల్లా రైతును అడుగు, చెబుతాడు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ కురిసే ఈ నేలలో వేరుశనగ వేసేవాళ్ళకు 1940లో తిండివనం నుంచి వచ్చిన టి.ఎం.వి-2 రకం దశాబ్దాల పాటు తోడుగా ఉంది. ఆ తర్వాత కదిరి పరిశోధన కేంద్రం నుంచి కె-6, కదిరి లేపాక్షి లాంటివి వచ్చాయి. తెలివైన రైతు కొత్త విత్తనాన్ని చేనంతా ఒకేసారి చల్లడు. ఒక చెక్కలో వేసి చూస్తాడు, పక్క చేనివాడి పంట చూస్తాడు, ఇంట్లో పాత విత్తనం మూట దాచుకుంటాడు. అలాగని తెగులు తగిలే పాత రకాన్నే పట్టుకుని వేలాడడు.

కంప్యూటర్‌కూ ఈ పద్ధతే. 2018 అక్టోబరులో విండోస్ 10కు వచ్చిన పెద్ద మార్పు ఒకటి కొందరి డాక్యుమెంట్లను, ఫొటోలను తుడిచిపెట్టింది. కొద్ది రోజుల్లోనే మైక్రోసాఫ్ట్ దాని పంపిణీ ఆపేసింది. నాలుగు వారాలు ఆగినవాళ్ళకు ఏ నష్టమూ లేదు. కాబట్టి కొత్త వెర్షన్ వచ్చిన వారంలోనే ఎగబడొద్దు. ముందు ఫైళ్ళన్నీ బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేసి, ఆ డిస్కు తీసి పక్కన పెట్టు. తగిలించే ఉంచితే పురుగు దానికీ తాళం వేస్తుంది. అను ఫాంట్ల ఫైళ్ళు ఉంటే ఒక్కోదానికీ పి.డి.ఎఫ్. తీసిపెట్టు, మళ్ళీ మళ్ళీ పనికొచ్చే రాతను, తెలుగు అక్షరాలను తెలుగు అక్షరాలుగానే దాచే యూనికోడ్‌లోకి మార్చుకో. షాపులో రెండు మూడు యంత్రాలుంటే ఒకదానిలోనే పెట్టి ప్రింటర్, స్కానర్, బిల్లుల ప్రోగ్రాము అన్నీ నడుస్తున్నాయో లేదో చూడు. నచ్చకపోతే పాత విండోస్‌కు తిరిగి వెళ్ళడానికి మామూలుగా 10 రోజుల గడువుంటుంది, ఆ పది రోజుల్లోనే పరీక్షలన్నీ అయిపోవాలి. ఎండాకాలం కరెంటు పోయే వేళల్లో మొదలుపెట్టొద్దు. యు.పి.ఎస్. లేని డెస్క్‌టాప్ సగం దారిలో ఆగిపోతే మళ్ళీ లేపడం కష్టం.

అయితే ‘తర్వాత’ అనేదానికి ఒక హద్దుంది. విండోస్ 10కు ఉచిత మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ఆగాయి. విండోస్ 11 కావాలంటే తాళంచెవులు భద్రంగా దాచే టి.పి.ఎం. 2.0 అనే ఏర్పాటు ఉండాలి, ఇంటెల్ అయితే ఇంచుమించు ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి. మన ఊళ్ళలో చక్కగా నడుస్తున్న ఎన్నో యంత్రాలకు ఆ అర్హత లేదు. బాగా పనిచేసే యంత్రాన్ని చెత్తలో పడేయమనడం నాకు బాధగానే ఉంటుంది. కానీ దారులున్నాయి. ఇళ్ళలో వాడేవాళ్ళు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 దాకా మరమ్మతులు వస్తాయి. సెట్టింగ్స్‌ను మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో బ్యాకప్ చేసుకునేవాళ్ళకు దానికి డబ్బు కట్టే పని లేదు. చదువుకీ, నెట్ చూడటానికీ లైనక్స్ పెట్టుకుంటే పాత యంత్రం ఇంకొన్నేళ్ళు హాయిగా నడుస్తుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసిన బాస్ లైనక్స్‌లో తెలుగు కూడా ఉంది. పేజ్‌మేకర్ కోసం పాత విండోస్ తప్పనిసరైతే ఆ యంత్రానికి నెట్ తీసెయ్యి, బ్యాంకు పనులు దానిలో చేయకు, పెన్‌డ్రైవ్‌ను ఇంకో యంత్రంలో స్కాన్ చేశాకే దానికి పెట్టు.

నీ ఫోనుకూ ఇదే నియమం. మరమ్మతులు ఆగిపోయిన ఫోనులో డబ్బు లావాదేవీలు పెట్టుకోవద్దు.

ఏది ఎప్పుడు తీసుకోవాలో తేల్చుకునే హక్కు నీదే నాయనా, తెర మీద మెరిసే పెట్టెది కాదు. ఆ హక్కును వాడుకోవాలంటే ముందు నీ యంత్రం సంగతి నీకు తెలియాలి. ఈ రోజే సెట్టింగ్స్ తెరిచి అది ఏ వెర్షనో చూడు, దానికి మరమ్మతులు ఏ తేదీ దాకా వస్తాయో కంపెనీ సైటులో కనుక్కో. ఆ తేదీని ఒక చీటీ మీద రాసి మానిటర్‌కు అతికించు. దానికి మూడు నెలల ముందు నుంచే కాపీలు తీయడం, పరీక్షించడం మొదలుపెట్టు.