పసిపిల్లల పులి వేషం ఇంట్లోనే కుట్టుకుందాం

పులి వేషం తెలుగునాట చాలా పాతది. 1832లో లండన్‌లో ఆంగ్లంలో అచ్చయిన ‘ఖానూన్-ఎ-ఇస్లాం’ గ్రంథంలో ఏలూరు వాసి జాఫర్ షరీఫ్ గారు మొహర్రం వేషాలను వివరిస్తూ పులిని కూడా చెప్పారు. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరంలో నేటికీ డప్పుల మోతకు పులులు ఆడుతూనే ఉంటాయి. ఆ ఆట చూసిన పిల్లలు బడి వార్షికోత్సవం వచ్చేసరికి తామూ పులి కావాలంటారు.

పెద్దల్లా పసివాడి ఒంటికి రంగు పూయకూడదు. లేత చర్మం మంట పుడుతుంది. ఆ రంగును కిరోసిన్‌తో తుడవడం ఇంకా ప్రమాదం. అద్దె వేషాల్లో చాలావరకు నైలాన్ గుడ్డ, తలంతా మూసేసే బొమ్మతల ఉంటాయి. ఊపిరాడడం లేదని నాలుగేళ్ల బిడ్డ నోరు తెరిచి చెప్పలేడు. పైగా కూలి చేసుకునే తల్లికి అద్దె భారం. అందుకే ఇంట్లో నూలు గుడ్డతో కుట్టుకోమని మేం చెబుతున్నాం.

నాలుగైదేళ్ల బిడ్డకు సుమారు 2.5 మీటర్ల పసుపు నూలు గుడ్డ సరిపోతుంది. పాత దుప్పటికి రంగు అద్దించినా చాలు. బిడ్డకు సరిపోయే చొక్కా, పైజామాలను గుడ్డపై పరిచి, చుట్టూ రెండేసి అంగుళాలు వదిలి కత్తిరించాలి. చొక్కా, పైజామా నడుము దగ్గర కలిపి ఒకటే అంగీగా కుట్టాలి. మెడ నుంచి నడుము కింది దాకా ముందువైపు వెల్క్రో పెడితే మూత్రానికి వెళ్లాల్సినప్పుడు బిడ్డ తానే విప్పుకోగలడు. దర్జీ దగ్గర మిగిలిన నల్లగుడ్డ ముక్కలే చారలు.

తలకు బొమ్మ వద్దు, టోపీ చాలు. ముఖం పూర్తిగా తెరిచి ఉంచి, పులి కళ్లు, చెవులు టోపీ మీద కుట్టాలి. కళ్లకు గుండీలు వాడవద్దు, ఊడితే పసివాళ్లు నోట్లో పెట్టుకుంటారు. మెడ దగ్గర తాళ్లు ఉండకూడదు. తోక మోకాలు దాటకూడదు. దాన్ని ప్రెస్ బటన్లతో తగిలిస్తే ఎవరైనా లాగినా ఊడి వస్తుంది, బిడ్డ పడడు. కాళ్ల గుడ్డ చీలమండ దగ్గరే ఆగాలి, లేకుంటే కాలికి అడ్డుపడుతుంది.

పావుగంట ఆడాక టోపీ తీసి మంచినీళ్లు పట్టాలి. దీపాలకు, బాణసంచాకు దూరంగా ఉంచాలి. నూలు కూడా అంటుకుంటుంది.

దాతలారా! మీ ఇంట పక్కన పడేసిన నూలు దుప్పట్లు, కుట్టుపనిలో మిగిలిన ముక్కలు మాకు పంపండి. మూలపడిన కుట్టుమిషను ఉంటే అదీ ఇవ్వండి. ఉతికి ఆరేస్తే ఒకే వేషం ఏళ్ల తరబడి ఎందరో పిల్లలకు వస్తుంది. వేషం లేక వేదిక కింద కూర్చుండిపోయే బిడ్డ మన ఊళ్లలో ఒక్కరూ ఉండకూడదన్నదే మా కోరిక.